కాబోయే అల్లుడి కుడి బూటు

ఆ శుక్రవారానికి దైవాశీర్వాదం వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. తెల్లవారుజామున లేవాలి. వాక్యం చదువుకోవాలి. కాఫీ అయ్యాక బ్యాగులన్నీ ఒక్కొక్కటిగా బాత్రూమ్ తూకం మీద పెట్టి చూసుకోవాలి. ఎనిమిదింటికి ఎదురింటి రాజీవ్ కారులో ఎయిర్‌పోర్టుకి బయల్దేరాలి. మధ్యాహ్నానికి డెన్వర్, సాయంత్రానికి కొండలు, ఆ తర్వాత మూడు రోజులు మంచు మీద స్కీయింగ్. తాముండే ఫ్రిస్కోలో ఏడాదికొకసారి పడే పలచటి మంచుకే కారు బయటికి తియ్యని మనిషికి ఈ చివరి ముక్క ఒక్కటే కొత్త.

నిజానికి అది స్కీయింగ్ కాదు, పెళ్లిచూపులు. కూతురు పర్సిస్, సన్నీవేల్‌లో ఉద్యోగం చేసే జూడ్ ఒకరినొకరు ఇష్టపడ్డారు. జూడ్ తండ్రి ఏలీషా గారు హెర్న్‌డన్ తెలుగు క్రైస్తవ సంఘంలో పెద్ద. "పిల్లలు ఇష్టపడ్డారు, సంతోషం బ్రదర్. రెండు కుటుంబాలూ మూడు రోజులు ఒకచోట ఉందాం. ప్రార్థన చేసుకుని మాట చెప్తాం" అన్నారు ఫోన్‌లో. ఆయన వెనకనుంచి జూడ్ తల్లి కరుణ గారి గొంతు మెల్లగా వినబడింది. "తల్లి లేని ఇల్లు గదండీ, ఎలా ఉంటారో చూసుకోవాలి గదా."

ఆమె చెడుగా అనలేదు. అయినా ఆ మాట అప్పట్నుంచీ దైవాశీర్వాదం గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. భార్య ప్రేమజ్యోతి పోయి మూడేళ్లయింది. ఆమే ఉంటే ఒక్క నవ్వుతో, "రండి వదినగారూ" అన్న ఒక్క పిలుపుతో ఈ సంబంధం కుదిర్చేసేది. ఆ నవ్వు చేసే పని తాను సామానుతోనే చెయ్యాలి.

సామానులో ముఖ్యమైనది జూడ్ స్కీ బూట్ల సంచీ. కిందటి నెల న్యూ మెక్సికో కొండల్లో స్కీయింగ్ చేసి ఫ్రిస్కో మీదుగా వెళ్తూ అతను దాన్ని ఇక్కడ వదిలి వెళ్లాడు. "డెన్వర్‌కి మీరు తెచ్చేయండి అంకుల్. ఇంకేదైనా పోయినా పర్లేదు, బూట్లు మాత్రం కేర్‌ఫుల్. లోపల మెత్తది వేడి చేసి నా కాలికే అచ్చు తీశారు. అది నా పాదం అనుకోండి" అన్నాడు. కాబోయే అల్లుడు తన పాదాన్ని నమ్మి అప్పగించాడంటే చిన్న సంగతి కాదు.

ఆరున్నరకి దైవాశీర్వాదం ఆ సంచీ తెరిచి చూశాడు. రెండు బూట్లు, గట్టి ప్లాస్టిక్ డొల్లలు, ఒక్కొక్కటీ చిన్న బిందెంత లోతు. రెండూ ఖాళీ.

ఆయనకి ప్రాణం ఒప్పలేదు. ఎవరి గిన్నె మన ఇంటికొచ్చినా ఖాళీగా తిప్పి పంపకూడదు. ప్రేమజ్యోతి పక్కింటి తెల్లావిడ గిన్నెని కూడా కనీసం గుప్పెడు పంచదారైనా వెయ్యనిదే వెనక్కి ఇచ్చేది కాదు. బూటు గిన్నె కాదు, నిజమే. కానీ ఆ లోతు చూస్తే దాన్ని గిన్నె కాదనడానికి మనసు రాలేదు. పైగా సూట్‌కేసుల్లో సూది దూరే సందు లేదు. ఫ్రిజ్‌లో ఆయన స్వయంగా పెట్టిన రొయ్యల పచ్చడి ఉంది. మూడేళ్లలో నాలుగుసార్లు పాడుచేసి, ఐదోసారి జ్యోతి చేతి రుచికి దగ్గరగా తెచ్చుకున్నది. ఆ రుచి తగిలిన రోజు ఆయన వంటింట్లోనే నిలబడి కాసేపు స్తోత్రం చెప్పుకున్నాడు.

పచ్చడిని రెండు జిప్ కవర్లలో నింపి బూటుకొకటి పెట్టాడు. ఎడమ బూటు ఏ గొడవా లేకుండా లొంగింది. కుడి బూటులో కవరు కదులుతోందనిపించి, కదలకుండా బూటు క్లిప్పులు బిగించాడు. ఒకటి, రెండు, మూడు. నాలుగోది నొక్కగానే లోపల్నుంచి 'ఫట్' మంది.

కాబోయే అల్లుడి పాదంలోకి నూనె, కారం, రొయ్యలు సమానంగా పాకిపోయాయి.

పైనుంచి హెయిర్ డ్రయ్యర్ చప్పుడు వస్తోంది. పర్సిస్ తయారవుతోంది. ఆయన బూటు లోపలి మెత్తటి తొడుగుని ఊడబీకి, సింకులో గిన్నెల సబ్బుతో తోమాడు. ఎరుపు పోయింది. వాసన పోలేదు. తడిగా పట్టుకెళ్లడం కుదరదు గనుక బట్టల డ్రయ్యర్‌లో, బాగా వేడి మీద, వేశాడు. తీసి చూసేసరికి అది పూరీలా పొంగి ఉంది. లోపల జూడ్ పాదం ఆనవాలు లేదు. ఎవరి పాదమూ లేదు.

ఫోన్‌లో వీడియో వెతికాడు. వేడి చేసిన తొడుగు చల్లారేలోగా కాలు పెట్టి, క్లిప్పులూ పట్టీలూ అన్నీ బిగించి నిలబడాలని, అప్పుడే ఆకారం వస్తుందని గడ్డం కుర్రాడొకడు చెప్పాడు. ఎవరి కాలు పెట్టాలో చెప్పలేదు. ఏ ఆకారమూ లేకపోవడం కన్నా ఏదో ఒక ఆకారం నయమనుకుని దైవాశీర్వాదం తొడుగుని మళ్లీ బూటులో దూర్చి తన కాలు పెట్టాడు. వీడియోలో చెప్పినవన్నీ బిగించాడు. ప్యాంటు కిందికి దించుకుని, సైనికుడిలా నిలబడ్డాడు. తొడుగు చల్లారింది. చక్కగా ఆకారం వచ్చింది. క్లిప్పులు విప్పి కాలు లాగితే రాలేదు.

తలుపు తట్టి రాజీవ్ లోపలికి వచ్చాడు. వరంగల్ కుర్రాడు, పొద్దున్నే ఆఫీసు కాల్ మానుకుని మరీ దింపడానికి వచ్చాడు.

"ఏందంకుల్ ఇది, ఒక్క కాలుకే ఏస్కున్నరు?"

"మెల్లగా మాట్లాడవయ్యా. ఇరుక్కుంది."

"ఆగుండ్రి. మీరు సోఫా గట్టిగ పట్టుకోండ్రి, నేను గుంజుతా."

రాజీవ్ గుంజాడు. సోఫా వచ్చింది. మళ్లీ గుంజాడు. సోఫాతో పాటు తివాచీ వచ్చింది. బూటు మాత్రం రాలేదు.

"ఇగ రాదంకుల్. టైమ్ గూడ అయితుంది. అమ్మాయికి చెప్పున్రి, ఏమైతది?"

"ఏమైతదా? పెళ్లివారు నమ్మి ఇచ్చిన మొదటి వస్తువయ్యా! దీన్నే కాపాడలేనివాడు పిల్లని ఏం పెంచాడంటారు."

మెట్ల మీద చప్పుడైంది. పర్సిస్ సూట్‌కేసు దించుకుంటూ వచ్చి, తండ్రి కాలు చూసి ఆగిపోయింది.

"డాడీ. వాట్ ఈజ్ దట్?"

మనిషికి ఆపదలో తోచే అబద్ధం అతని స్వభావంలోంచే వస్తుంది. "బ్యాగు బరువెక్కిందమ్మా" అన్నాడు దైవాశీర్వాదం. "బూటు ఒకటి వేసుకుంటే సరిపోయింది."

ఆమె పూర్తిగా నమ్మింది. "ఓ మై గాడ్! లాస్ట్ టైమ్ మూడు స్వెటర్లు, ఇప్పుడు ఇదా? డాడీ, జూడ్ వాళ్ల పేరెంట్స్ ముందు మన పరువు ఏమవుతుంది?"

"అక్కడ దిగాక తీసేస్తానులే."

రాజీవ్ సూట్‌కేసులు కారులో పెట్టాడు. దారి పొడుగునా కిటికీలు దించే ఉంచాడు. ఎందుకని పర్సిస్ అడిగితే, "గాలి మంచిగుంది" అన్నాడు. బయట గడ్డి మీద మంచు గడ్డకట్టి ఉంది. ఆ అబ్బాయి మేలు ఈ జన్మలో మరిచిపోకూడదనుకున్నాడు దైవాశీర్వాదం.

ఎయిర్‌పోర్టులో టక్కుటక్కుమంటూ నడిచి కౌంటర్ దాకా వెళ్లారు. అక్కడి అమ్మాయి సంచీ తూచి, తలెత్తి, ఇంకా ఎంతో బరువు పెట్టుకోవచ్చని శుభవార్తలా చెప్పింది.

"విన్నావా డాడీ? రూమ్ ఉంది. ఆ బూట్ తీసి ఇందులో పెట్టెయ్."

వెనక వరుసలో జనం చూస్తున్నారు. "అది... వద్దమ్మా. పొద్దున్నించీ మోకాలు పట్టేసింది. ఇది బిగించుకుంటే హాయిగా ఉంది."

అనకూడని మాట అన్నానని ఆ క్షణమే తెలిసింది. పర్సిస్ ముఖంలో విసుగు ఒక్కసారిగా ఆరిపోయింది. జ్యోతి జబ్బు కూడా 'కాస్త నడుము పట్టేసింది' అన్న మాటతోనే మొదలైంది. ఆ ఇంట్లో నొప్పి అన్న మాటని అప్పట్నుంచీ ఎవరూ తేలిగ్గా వాడరు.

"ఎప్పట్నుంచి? నాకెందుకు చెప్పలేదు?" అంది.

"అబ్బే, అదేం లేదురా తల్లీ. అసలు సంగతేంటంటే..."

అసలు సంగతి చెప్పేలోపే కౌంటర్ అమ్మాయి ఫోన్ చేసింది. చక్రాల కుర్చీ వచ్చేసింది. దాన్ని తోసే ఇథియోపియా పెద్దాయన దైవాశీర్వాదాన్ని భుజాలు పట్టి కూర్చోబెట్టి, గతుకు వచ్చిన ప్రతిచోటా కుర్చీని పూలబుట్టలా ఎత్తి దాటించాడు. అంత ఆదరంగా చూస్తున్న మనిషి ముందు నాకు నొప్పి లేదని లేచి నిలబడడం ఎలాగో ఆయనకి తెలియలేదు.

సెక్యూరిటీలో బూటు క్లిప్పులకి అలారం కుయ్యిమంది. పర్సిస్ అవతల ట్రేల దగ్గర ఉంది. అధికారి ఒకాయన మోకాళ్ల మీద కూర్చుని బూటంతా తడిమి, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డని పేలుడు పదార్థాలు పసిగట్టే యంత్రంలో పెట్టాడు. తర్వాత ముక్కు ఎగబీల్చి, లోపల ఏముందని ఇంగ్లీషులో అడిగాడు. పొద్దుట్నుంచీ లోపలి సంగతి అడిగిన మొదటి మనిషి ఆయనే. దైవాశీర్వాదం అంతా చెప్పేశాడు. బూటు, పచ్చడి, డ్రయ్యర్, పెళ్లికూతురు, హెర్న్‌డన్ పెద్దలు. అధికారి చాలాసేపు ఆయన కళ్లలోకి చూశాడు. యంత్రం పచ్చదీపం వెలిగించింది. "నాకూ ఇద్దరు కూతుళ్లున్నారు. వెళ్లిరండి, అంతా మంచే జరుగుతుంది" అని ఇంగ్లీషులో అని, లేచి భుజం తట్టి పంపేశాడు.

ఆ ధైర్యంతో, గేటు దగ్గర కూతురితో నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు.

"బ్రదర్! ఏమిటండీ ఇది!"

గ్రేస్‌మణి గారు. వాళ్ల ఫ్రిస్కో సంఘంలో ప్రార్థన గొలుసు అనే వాట్సాప్ గ్రూపు నడిపేది ఆవిడే. పక్క గేటులో విమానం కోసం కూర్చుని ఉంది.

"ఆంటీ, డాడీకి లెగ్ పెయిన్" అంది పర్సిస్, కళ్లు తుడుచుకుంటూ.

"అయ్యో నా తల్లీ! బ్రదర్, కళ్లు మూసుకోండి."

ప్రార్థన అంటే కళ్లు మూసుకోకుండా ఉండే అలవాటు దైవాశీర్వాదానికి లేదు. ఆవిడ ఆయన తల మీద ఒక చెయ్యి పెట్టి గట్టిగా ప్రార్థించింది. రెండో చేత్తో ఫోటో తీసింది. చక్రాల కుర్చీలో కళ్లు మూసుకుని, తల వాలేసి, కాలికి యంత్రంలాంటిది తొడుక్కున్న మనిషి ఫోటో. 'మన బ్రదర్ దైవాశీర్వాదం గారి కాలు కొరకు అత్యవసర ప్రార్థన' అని గొలుసులో పెట్టేసింది.

"సిస్టర్, అంత అత్యవసరం ఏమీ..."

"మీరు మాట్లాడకండి బ్రదర్. బలం దాచుకోండి."

చక్రాల కుర్చీ వాళ్లని ముందుగా ఎక్కించి మొదటి వరుసలో కూర్చోబెట్టారు. పర్సిస్ సీటు వెనకెక్కడో ఉంది. విమానం లేచింది. ఫోన్లు మూగబోయాయి. ఆయన కిటికీలోంచి మేఘాలు చూస్తూ, కూతురికి చెప్పవలసిన మాటలు కూర్చుకున్నాడు. ఎన్నిరకాలుగా కూర్చినా మధ్యలో రొయ్యలు వచ్చేవి.

డెన్వర్‌లో దిగి ఫోన్ తెరవగానే అది చేతిలో కందిరీగలా కొట్టుకుంది. ప్రార్థన గొలుసు ఖాళీగా కూర్చోలేదు. ఫ్రిస్కో నుంచి హూస్టన్ సంఘానికి వెళ్లేసరికి కాలు బెణికింది. హూస్టన్ నుంచి అట్లాంటాకి వెళ్లేసరికి విరిగింది. అట్లాంటావాళ్లు ఆపరేషన్ చేయించారు. హెర్న్‌డన్ చేరేసరికి కాలు దక్కడం కష్టమని డాక్టర్లు చెప్పేశారు. కాకినాడ నుంచి ఎవరో 'ప్రభువునందు నిద్రించారు' అని పెట్టి, ఎందుకో మళ్లీ తొలగించారు.

"సిస్టర్, నేను బాగానే ఉన్నాను" అని రాశాడు దైవాశీర్వాదం.

"ఎంత విశ్వాసం!" అని వెంటనే ఎవరో జవాబిచ్చారు.

సామాన్లు వచ్చే చోట జూడ్, ఏలీషా గారు, కరుణ గారు నిలబడి ఉన్నారు. చక్రాల కుర్చీ కనబడగానే కరుణ గారు ఏడుస్తూ ఎదురొచ్చింది. ఆమె చేతిలోని ఫోన్‌లో హెర్న్‌డన్ పాస్టరు గారు, ఆయన వెనక సంఘంలో ఉపవాసం ఉన్న సగంమంది వీడియోలో ఉన్నారు.

"వందనాలన్నయ్యగారూ! ఇంత బాధలో కూడా పిల్ల కోసం వచ్చారా? మీలాంటి తండ్రిని మేం అనుమానించాం. నన్ను క్షమించండి. ఇదిగో, సంఘమంతా చూస్తోంది. ఒక్క మాట చెప్పండి."

ఏలీషా గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "బ్రదర్, ఇంక మూడు రోజులు ఆగేదేముంది? మాట ఇప్పుడే ఇచ్చేస్తాను."

దైవాశీర్వాదం కోరుకున్నది అదే. ఊరుకుంటే చాలు. వారం రోజులు కుంటితే చాలు, కూతురి పెళ్లి ఖాయం. ఆయన పర్సిస్ వైపు చూశాడు. ఆమె ఆ మాట కోసం చూడడం లేదు. తండ్రి మోకాలి వైపే చూస్తోంది, మూడేళ్ల కిందట ఆసుపత్రి వరండాలో చూసిన చూపుతో.

"మాట ఇవ్వకండి" అన్నాడు దైవాశీర్వాదం. "నాకు ఏ నొప్పీ లేదు."

కరుణ గారి చేతిలో ఫోన్ వంగిపోయింది.

"మోకాలు పట్టెయ్యలేదు. బ్యాగు బరువెక్కలేదు. జూడ్ బూట్లు ఖాళీగా తేవడం ఇష్టంలేక రొయ్యల పచ్చడి పెట్టాను. పగిలింది. కడిగాను, డ్రయ్యర్‌లో వేశాను, అచ్చు పోయింది. నా కాలు పెట్టాను, ఇరుక్కుంది. మీకు తెలిస్తే తల్లి లేని ఇల్లు ఇంతే అనుకుంటారని భయపడ్డాను. పొద్దుట్నుంచీ నా కూతుర్ని ఏడిపించాను. నా సంగతి ఇదీ. ఇప్పుడు ఆలోచించుకుని చెప్పండి."

ఫోన్‌లో పాస్టరు గారు ఒకసారి దగ్గి, మ్యూట్ నొక్కుకున్నారు.

జూడ్ వంగి బూటు చూశాడు. దైవాశీర్వాదం ప్యాంటు పైకి లేపాడు. "అంకుల్, పైన ఈ స్ట్రాప్ తియ్యలేదా మీరు?"

క్లిప్పులన్నిటికీ పైన, ప్యాంటు కింద దాక్కుని, వెడల్పాటి పట్టీ ఒకటి పిక్కకి గట్టిగా చుట్టుకుని ఉంది. జూడ్ దాన్ని పర్రుమని లాగాడు. కాలు వెన్నలోంచి వెంట్రుకలా బయటికి వచ్చింది. దానితో పాటు మిగిలిన వాసన కూడా వచ్చింది.

ఏలీషా గారు భార్య వైపు తిరిగారు. "చెప్పు మరి."

"ఏం చెప్పమంటారు?" అంది కరుణ గారు, చీర కొంగు సర్దుకుంటూ.

"ఆయన చెప్పారుగా. నువ్వూ చెప్పు."

కరుణ గారు తల దించుకుంది. "జూడ్‌కి కొత్త హెల్మెట్ మేమే తెచ్చాం అన్నయ్యగారూ. అంత డొల్లగా ఉంటే, ఖాళీగా ఎలా తెస్తామని సున్నుండలు పెట్టాను. దారిలో ఎండగా ఉందని ఈయన ఎయిర్‌పోర్టులో దాన్ని హీటర్ పక్కన పెట్టారు."

"ఎండగా ఉంటే హీటర్ పక్కన ఎందుకు పెడతానే? చలిగా ఉందని పెట్టాను" అన్నారు ఏలీషా గారు. "నెయ్యి కరిగింది. ఎవరికీ చెప్పొద్దని ప్రమాణం చేయించుకుంది."

జూడ్ ఒక చేతిలో బూటు, మరో చేతిలో జిగటగా ఉన్న హెల్మెట్ పట్టుకుని నిలబడ్డాడు. "బూట్‌లో పికిల్. హెల్మెట్‌లో స్వీట్. గ్లవ్స్‌లో ఏం పెట్టారు, ఎవరైనా?"

కరుణ గారు అతని చేతిలోని బూటు వైపు చూసి, "అన్నయ్యగారూ, రెండో బూటులో పచ్చడి..." అంది.

"పగల్లేదమ్మా. భద్రంగా ఉంది."

"మా సంఘంలో రొయ్యల పచ్చడి పెట్టడం ఎవరికీ చేతకాదండీ."

ఏలీషా గారు చెయ్యి అందించారు. "లేవండి బావగారూ. కారు చాలా దూరంలో పెట్టాం."

ఆ పిలుపుకి దైవాశీర్వాదం ఒంటి కాలి మేజోడుతోనే లేచి నిలబడ్డాడు. కరుణ గారి చేతిలోని ఫోన్‌లో హెర్న్‌డన్ సంఘం ఆయన లేవడం చూసి, మ్యూట్ లోనే హల్లెలూయ అంది.

పర్సిస్ వచ్చి తండ్రి భుజం మీద గట్టిగా ఒక్కటి వేసి, అదే భుజం మీద తల పెట్టుకుంది. "ఇంకెప్పుడూ లేని నొప్పి ఉందని చెప్పకు డాడీ."

"చెప్పను."

"ఉన్న నొప్పి లేదనీ చెప్పకు."

ఆయన తలూపాడు.

మర్నాడు జూడ్ తనకి అద్దె బూట్లు తెచ్చుకున్నాడు. తన కాలికి అచ్చుపోసుకున్న కుడి బూటు ఎలాగూ ఉంది గనుక దైవాశీర్వాదం కూడా ఒక్కసారి మంచు మీదికి వెళ్లి చూడాలని అందరూ పట్టుబట్టారు. ఆయన మంచు దాకా పోనేలేదు. హోటల్ మెట్లు దిగుతూ, మామూలు చెప్పులతో, ఎడమ కాలు మడతపడి కూలబడ్డాడు. చీలమండ గుమ్మడికాయలా వాచింది. ఇచ్చిన మాట ప్రకారం నొప్పిగా ఉందని కూతురికి వెంటనే చెప్పాడు. ఆమె ఐసు తెచ్చి పెట్టింది. ఏలీషా గారు కాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. కరుణ గారు వాచిన కాలు ఫోటో తీసి, ఈసారి నిజంగానే ప్రార్థన అవసరమని గొలుసులో పెట్టింది.

గ్రేస్‌మణి గారి దగ్గర్నుంచి జవాబు వెంటనే వచ్చింది: "ఈసారి ఏం పచ్చడి బ్రదర్?"